పొరుగింటి చెట్టు వల్ల నష్టం: షరీఅత్ ఏమంటుంది?

ఇరుగుపొరుగుల మధ్య తగాదా పుట్టటానికి పెద్ద కారణం అక్కరలేదు. ఒక ఇంటి పెరట్లోని కొబ్బరిచెట్టు పక్కింటి పెంకుల కప్పు మీదికి వాలుతుంది. ఎండిన మట్ట పడి నాలుగు పెంకులు పగులుతాయి. మరొకచోట మునగకొమ్మ విరిగి రేకుల వసారా మీద పడుతుంది. ఇంకొకచోట రావిచెట్టు వేరు ప్రహరీగోడ పునాదిలోకి చొచ్చుకుపోయి గోడను నిలువునా చీలుస్తుంది. నష్టపోయినవాడు మొదట గొణుగుతాడు, తరువాత అరుస్తాడు, చివరకు మాట్లాడటమే మానేస్తాడు. చెట్టు యజమాని గాలికి పడినదానికి తానేమి చేయగలనంటాడు. ఒకే పంక్తిలో భుజం భుజం కలిపి పండుగ నమాజు చేసిన ఇద్దరు మనుషులు ముబారక్ చెప్పుకోకుండానే ఎవరి దారిన వారు ఇంటికి వెళ్ళిపోతారు.

వుజూ ఎలా చేయాలి, జకాత్ ఎంత ఇవ్వాలి అని పండితులను అడిగి తెలుసుకునేవారు కూడా ఇలాంటి వ్యవహారంలో షరీఅత్ మాట ఒకటి ఉన్నదని తలచరు. నిజానికి ఫిఖహ్ గ్రంథాల్లో దీనిపై వివరమైన చర్చ ఉంది. పొరుగువారి కొమ్మలు, వేళ్ళ సంగతి సంధి (సులహ్) ప్రకరణంలో, కూలినదాని వల్ల కలిగే నష్టం సంగతి పరిహారాల ప్రకరణంలో కనిపిస్తుంది. ఆ చర్చ అంతటికీ ప్రాణమైన సూత్రం ఒకటి ఉంది: చెట్టు యజమాని మీద పరిహార బాధ్యత సాధారణంగా చెట్టు పడినప్పుడు కాక, పడబోతోందని అతనికి తెలియజేసినప్పుడు మొదలవుతుంది. కనుక ముందుగా చెప్పటం నష్టపోయేవాని పని. విని చర్య తీసుకోవటం యజమాని పని. ఈ రెండింటిలో ఏది లోపించినా న్యాయం తప్పిపోతుంది.

రెండు న్యాయమైన హక్కులు

ఈ సమస్యలో రెండు న్యాయమైన హక్కులు ఎదురుపడుతున్నాయి. ముందుగా చెట్టు సంగతి చూద్దాం. చెట్టు నాటటం ఇస్లాంలో పుణ్యకార్యం. ఒక ముస్లిం నాటిన మొక్క నుండి పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది నాటినవానికి దానం (సదఖా)గా పరిగణించబడుతుందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. చేతిలో మొక్క ఉండగా ప్రళయ ఘడియ వచ్చిపడినా వీలైతే దానిని నాటమనే బోధ ఇమామ్ అహ్మద్ (రహ్మ) ముస్నద్‌లో కనిపిస్తుంది. అలాంటప్పుడు, నాలుగు ఆకులు తన వాకిట్లో రాలాయని పచ్చని చెట్టును మొదలంటా నరకమనేవాడు తాను ఏమి కోరుతున్నాడో ఆలోచించుకోవాలి. పేద ఇంట ఒక కొబ్బరిచెట్టో, ఒక చింతచెట్టో సంవత్సరమంతా కూరానారకు ఆధారంగా ఉండవచ్చు.

ఇక రెండవది పొరుగువాని హక్కు. దివ్యఖుర్ఆన్ నిసా సూరాలోని 36వ ఆయతు దైవారాధనను ఆదేశించిన వెంటనే ఎవరెవరి పట్ల మంచిగా మెలగాలో చెబుతూ తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పేదలతోపాటు దగ్గరి పొరుగువానిని, దూరపు పొరుగువానిని కూడా పేర్కొన్నది. పొరుగువారి విషయమై జిబ్రీల్ (అలైహిస్సలాం) పదేపదే తాకీదు చేస్తూ వచ్చినందున వారికి వారసత్వంలో కూడా వాటా ఇస్తారేమోనని దైవప్రవక్త (సఅసం) తలచారట. ఎవని కీడు నుండి అతని పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతని విశ్వాసాన్నే ఆయన (సఅసం) ప్రశ్నార్థకం చేశారు.

ఈ రెండు హక్కుల మధ్య తీర్పు చెప్పటానికి ఫుఖహాలకు ఆధారమైన హదీసు ఒకటి ఉంది. ఇబ్నె మాజా సంకలనంలోనూ, ముర్సల్ రూపంలో ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలోనూ అది చోటు చేసుకుంది. ఒకరికి నష్టం కలిగించరాదు, నష్టానికి బదులుగా నష్టం చేయనూ రాదు అన్నది దాని భావంగా పండితులు చేసిన వివరణల్లో ఒకటి. మొదటి సగం చెట్టు యజమానికి హెచ్చరిక, రెండవ సగం కోపంతో గొడ్డలి పట్టుకున్న పొరుగువానికి హెచ్చరిక అనుకోవచ్చు.

మదీనా తోటలోని ఖర్జూరపు చెట్టు

చెట్టు మూలంగా ఇద్దరి మధ్య వచ్చిన వివాదం స్వయంగా దైవప్రవక్త (సఅసం) సన్నిధికి చేరిన ఉదంతం అబూ దావూద్ సంకలనంలో ఉంది. హజ్రత్ సమురా బిన్ జుందుబ్ (రజి)కి ఒక అన్సారీ తోటలో ఖర్జూరపు చెట్టు ఉండేది. తోటలో ఆ అన్సారీ కుటుంబంతో నివసించేవారు. సమురా (రజి) తన చెట్టు కోసం వచ్చిపోతూ ఉండటం వారికి ఇబ్బందిగా పరిణమించింది. చెట్టును తనకు అమ్మమని అన్సారీ అడిగారు. సమురా (రజి) ఒప్పుకోలేదు. వేరొకచోట బదులు తీసుకోమన్నారు. దానికీ ఒప్పుకోలేదు. విషయం దైవప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చింది. ఆయన కూడా మొదట అమ్మమన్నారు, తరువాత మార్చుకోమన్నారు, చివరకు ఇంత ప్రతిఫలం లభిస్తుందని ఆశపెడుతూ కానుకగా ఇచ్చివేయమన్నారు. మూడింటికీ నిరాకరణే ఎదురైనప్పుడు, సమురా (రజి)ని నష్టం కలిగించేవానిగా పేర్కొని, ఆ చెట్టును పెకలించమని అన్సారీకి ఆదేశించారు.

ఈ ఉల్లేఖన పరంపర మధ్యలో తెగి ఉన్నదని, అబూ జాఫర్ ముహమ్మద్ అల్-బాఖిర్ (రహ్మ) నేరుగా సమురా (రజి) నోట దీనిని వినలేదని హదీసు వేత్తలు కొందరు అన్నారు. అయినా ఇందులోని న్యాయం షరీఅత్ మూలసూత్రాలకు అనుగుణంగా ఉన్నందువల్ల ఫుఖహాలు దీనిని చర్చల్లో ప్రస్తావిస్తూ వచ్చారు. ఇందులో గమనించదగినవి రెండు. చెట్టును పెకలించటం చివరి మెట్టు. దానికి ముందు అమ్మకం, మార్పిడి, కానుక అనే మూడు తలుపులు తెరిచి చూపటం జరిగింది. రెండవది, పెకలించమన్నది తీర్పు చెప్పే అధికారం గల మూర్తి. అన్సారీ తనకు తానుగా గొడ్డలి ఎత్తలేదు. ఈ ఉదంతాన్ని ఆధారంగా చూపి పొరుగువాని చెట్టును రాత్రికి రాత్రి నరకటానికి ఎవరికీ అనుమతి లేదు.

పరాయి భూమిలో చెట్టు నాటినవాని సంగతి దీనికి భిన్నం. అన్యాయంగా పాతుకున్న వేరుకు హక్కు ఉండదన్న భావం గల హదీసును అబూ దావూద్, తిర్మిజీ ఉల్లేఖించారు. ఒక వ్యక్తి మరొకరి నేలలో ఖర్జూరపు మొక్కలు నాటగా, నేలను సొంతదారునికే ఇప్పించి, చెట్లను తీసివేయవలసిందిగా నాటినవానిని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. బాగా ఎదిగిన ఆ చెట్ల మొదళ్ళ మీద గొడ్డళ్ళు పడటం చూశానని ఉల్లేఖకుడు చెప్పాడు. కాబట్టి తగాదా ఏదైనా ముందుగా తేల్చుకోవలసింది చెట్టు మొదలు ఎవరి హద్దులో ఉన్నదన్న విషయం.

కొమ్మలు, వేళ్ళు

చెట్టు మొదలు యజమాని స్థలంలోనే ఉండి, కొమ్మలు పొరుగువాని ఇంటి మీదికి వస్తే ఏమి చేయాలి? స్థలం సొంతదారునికి దాని పైనున్న ఆకాశభాగంపై కూడా హక్కు ఉంటుందని ఫుఖహాలు భావించారు. ఉస్మానియా ఖలీఫాల కాలంలో అహ్మద్ జౌదత్ పాషా అధ్యక్షతన 1869 నుండి 1876 వరకు హనఫీ ఫిఖహ్ ఆధారంగా రూపొందిన చట్టసంహిత 'మజల్లా'. 1851 నిబంధనలు గల ఆ సంహితలో 1196వ నిబంధన సరిగ్గా ఈ సమస్యకు సంబంధించినదే. పొరుగువాని ఇంటి మీదికో తోట మీదికో కొమ్మలు సాగితే, వాటిని వెనక్కి లాగి కట్టించమని లేక కత్తిరించమని కోరే హక్కు అతనికి ఉన్నదని అది చెబుతుంది. అయితే నీడ పడి పైరు దెబ్బతింటున్నదన్న కారణంతో చెట్టునే కొట్టించే హక్కు లేదని కూడా అదే నిబంధన స్పష్టం చేస్తుంది.

ఇక్కడి క్రమం గమనించాలి. మొదట కట్టటం, అది కుదరకపోతే కత్తిరించటం. హిజ్రీ 620 (క్రీ.శ. 1223)లో మరణించిన హంబలీ పండితుడు ఇమామ్ ఇబ్నె ఖుదామా (రహ్మ) తన అల్-ముగ్నీలో ఈ విషయాన్ని ఇంకా సూక్ష్మంగా చర్చించారు. యజమాని కొమ్మను తొలగించకపోతే పొరుగువాడు దానిని తన హద్దు నుండి తొలగించుకోవచ్చు. కాని వంచి పక్కకు తిప్పటానికి వీలున్న కొమ్మను నరికితే నరికినవాడే నష్టపరిహారం చెల్లించాలి. వంచటానికి వీలులేనప్పుడే నరకటం చెల్లుతుంది.

వేళ్ళ విషయంలోనూ ఆయన అదే తీర్పు చెప్పారు. పొరుగువాని నేలలోకి పాకిన వేళ్ళు నీటి తొట్లను, బావుల ఒరలను, గోడల పునాదులను దెబ్బతీసే సంగతిని ఆయన పేర్కొనటం విశేషం. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం డమాస్కస్‌లో కనిపించిన సమస్య నేడు తెలుగు పల్లెల్లో రావి, మర్రి వేళ్ళ రూపంలో కనిపిస్తూనే ఉంది.

అయితే ప్రతి చిన్న ఇబ్బందీ నష్టం కాదు. తీవ్రమైన నష్టాన్ని ఫుఖహాలు 'జరరె ఫాహిష్' అన్నారు. కట్టడాన్ని బలహీనపరచి కూలే స్థితికి తెచ్చేది, లేక ఇంటిలో కాపురముండటం వంటి ముఖ్య ప్రయోజనానికే అడ్డుపడేది ఈ కోవలోకి వస్తుందని మజల్లా 1199వ నిబంధన నిర్వచించింది. ఈ కొలత ప్రకారం చూస్తే పునాదిని చీల్చే వేరు, కప్పును పగలగొట్టే మట్ట తీవ్రమైన నష్టాలు. శిశిరంలో వేపాకు రాలటం, చెట్టు మీది కాకుల గోల ఓర్చుకోవలసినవి. ఆకులు చూరు గాడిలో నిండి వాననీరు గోడలోకి దిగుతున్నదంటే సంగతి మారుతుంది.

పొరుగువాని వైపు వంగినంత మాత్రాన కొమ్మ మీది కాయలు అతని సొత్తు కావు. చెట్టు ఎవరిదో పండూ వారిదే. కత్తిరించిన కొమ్మ, కట్టె కూడా చెట్టు యజమానివే. ఈ చిన్న విషయం తెలియకనే హక్కు గలవాడు కొన్నిసార్లు దోషిగా మారుతుంటాడు.

కూలిన చెట్టు: బాధ్యత ఎప్పుడు మొదలవుతుంది?

అసలు చిక్కు చెట్టు పూర్తిగా కూలినప్పుడు వస్తుంది. దీనికి ఫిఖహ్‌లో మూలమైన చర్చ 'ఒరిగిన గోడ' గురించినది. హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించిన అల్లామా బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) రచించిన అల్-హిదాయా మన దేశపు మదరసాల్లో తరతరాలుగా బోధించబడుతున్న గ్రంథం. అందులోని సారాంశం ఇది: నిటారుగా కట్టిన గోడ కాలక్రమేణా ఒరిగితే ఆ ఒరగటం యజమాని చేసిన పని కాదు. కనుక అది హఠాత్తుగా పడితే అతనిపై పరిహార బాధ్యత (జమాన్) లేదు. కాని హక్కు గలవాడు వచ్చి గోడను తీసివేయమని కోరిన తరువాత, తీయటానికి చాలినంత సమయం ఉండి కూడా అతడు ఊరుకుంటే అది అతని అపరాధమవుతుంది. అప్పుడు గోడ కూలి జరిగే నష్టానికి అతడు బాధ్యుడు. మజల్లా 928వ నిబంధన కూడా ఇదే చెబుతుంది.

ఒరిగిన గోడకు, ఒరిగిన చెట్టుకు మధ్య పోలిక బలమైనదే. హద్దు దాటిన కొమ్మ వల్ల కలిగే నష్టాన్ని చర్చించేటప్పుడు ఇబ్నె ఖుదామా (రహ్మ) రెండు అభిప్రాయాలు పేర్కొన్నారు. కొమ్మ పెరగటం యజమాని చేత జరిగినది కాదు గనుక బాధ్యత లేదన్నది ఒకటి. తొలగించమని చెప్పినా తొలగించకపోతే, పొరుగు వైపు ఒరిగిన గోడలాగే, నష్టానికి అతడే బాధ్యుడు కావచ్చునన్నది రెండవది.

ఫిఖహ్ గ్రంథాల ఆనవాయితీ ప్రకారం చెట్టు యజమానిని జైద్ అని, పొరుగువానిని అమ్ర్ అని పిలుచుకుని, ఒరిగిన గోడ నియమాలను చెట్టుకు వర్తింపజేసి చూద్దాం.

జైద్ పెరట్లోని చెట్టు నిటారుగా, ఆరోగ్యంగా ఉంది. పెద్ద తుపానులో అది వేళ్ళతో సహా లేచి అమ్ర్ ఇంటి మీద పడింది. ఇది దైవికమైన ఆపద (ఆఫతె సమావీ). 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు లెక్కలేనన్ని పచ్చని చెట్లు నేలకొరిగాయి. అలాంటి సందర్భంలో జైద్ మీద పరిహారం విధించబడదు. కాని పడిన చెట్టు జైద్ సొత్తే గనుక అమ్ర్ స్థలాన్ని ఖాళీ చేసి ఇవ్వటం అతని కర్తవ్యం.

చెట్టు మొదట పుచ్చు పట్టి అమ్ర్ ఇంటి వైపు వాలింది. అమ్ర్ వచ్చి సంగతి చెప్పాడు. నెల గడిచినా జైద్ పట్టించుకోలేదు. తరువాత మామూలు గాలికే చెట్టు పడింది. జైద్ పరిహారం చెల్లించాలి. గాలిని సాకుగా చూపటం ఇక్కడ చెల్లదు.

అమ్ర్ ఉదయం చెప్పాడు. జైద్ వెంటనే చెట్టు కొట్టే మనిషి కోసం బయలుదేరాడు. మధ్యాహ్నమే గాలి వచ్చి చెట్టు కూలింది. చాలినంత సమయం దొరకలేదు, అలసత్వమూ లేదు. కనుక బాధ్యత లేదు.

అమ్ర్ చెప్పి, మళ్ళీ తానే జైద్‌కు పండుగ దాకా గడువిచ్చాడు. ఆ గడువులోనే చెట్టు పడింది. తన హక్కును తానే వాయిదా వేసుకున్నాడు గనుక అమ్ర్ పరిహారం అడగలేడు. అయితే ఆ చెట్టు నలుగురూ నడిచే బాట మీదికి వాలి ఉంటే ఏ ఒక్కరి గడువూ చెల్లదు. ఎందుకంటే బాట ఒక్కరి సొత్తు కాదు. బాట విషయంలో యజమానిని హెచ్చరించే హక్కు కూడా ఆ దారిన పోయే ప్రతివారికీ ఉంది.

హెచ్చరిక అందిన తరువాత జైద్ ఆ స్థలాన్ని అమ్మివేశాడు. అప్పుడు జైద్ బాధ్యత తీరిపోతుంది. కొన్నవానికి అమ్ర్ మళ్ళీ చెప్పాలి. చెప్పనంతవరకు కొత్త యజమాని మీద బాధ్యత రాదు.

ఇక మిగిలిన ప్రశ్న: ఎవరూ చెప్పలేదు, కాని చెట్టు పుచ్చిపోయిందని జైద్‌కే తెలుసు. హనఫీ ఫిఖహ్ ప్రకారం కోరిక లేనిదే న్యాయస్థానంలో పరిహారం స్థిరపడదు. ప్రమాదం మితిమీరి కంటికి కనిపిస్తున్నప్పుడు హెచ్చరిక లేకపోయినా బాధ్యత ఉంటుందని మాలికీ పండితుల్లో కొందరు అన్నారు. ఖాజీ ముందు తప్పించుకున్నంత మాత్రాన అల్లాహ్ ముందు తప్పించుకున్నట్లు కాదన్నది అందరూ అంగీకరించే సంగతి. తెలిసి ఊరుకోవటం విశ్వాసికి తగదు.

ఎవరికి చెప్పాలి? ఎలా చెప్పాలి?

తొలగించే అధికారం గలవానికి చెబితేనే అది హెచ్చరిక అవుతుంది. అద్దెకున్నవానికి, తాకట్టు పెట్టుకున్నవానికి చెప్పటం చాలదని హిదాయా స్పష్టంగా చెబుతుంది. ఈ నియమం నేడు ఎంతో అవసరమైనది. కడప ప్రాంతం నుండి ఎందరో కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్ళి పనిచేస్తున్నారు. వారి ఇళ్ళు కొన్ని తాళం వేసి ఉంటాయి, కొన్నింట్లో అద్దెదారులు ఉంటారు. పెరట్లోని చెట్టు వాలితే పక్కింటివారు అద్దెదారునితో రెండు మాటలు అని, చెప్పామనుకుంటారు. ఆ కబురు యజమానికి చేరనే చేరదు. అతనికి లేక అతడు అధికారమిచ్చిన మనిషికి తెలియజేసినప్పుడే బాధ్యత మొదలవుతుంది. మరోవైపు, ఒరిగిన గోడ ఎదుటి ఇంట్లో కాపురమున్నవారు అద్దెదారులైనా సరే, ప్రమాదం తమ మీదనే ఉన్నది గనుక తొలగించమని కోరవచ్చు.

పంచుకోని ఆస్తి అయితే వారసుల్లో ఒకరికి చెప్పినా ఆ వారసుని వాటా మేరకు హెచ్చరిక చెల్లుతుంది. అందరికీ చెప్పటమే క్షేమం. ఆస్తి మైనరుదైతే సంరక్షకునికి, మస్జిదుకో ఖబరస్తానుకో చెందిన వక్ఫ్ చెట్టు అయితే ముతవల్లీకి చెప్పాలి. వక్ఫ్ చెట్టు గదా అని పొరుగువాని నష్టాన్ని ఉపేక్షించటానికి ముతవల్లీకి వీలులేదు.

సాక్షులుండటం షరతు కాదు. రేపు యజమాని వినలేదని అంటే రుజువు కోసమే సాక్ష్యం. కనుక మొదటిసారి మర్యాదగా, ఒంటరిగా చెప్పటం మంచిది. "భాయ్‌సాబ్, మీ కొబ్బరిచెట్టు మా కప్పు మీదికి వాలింది. వానలు రాకముందే ఒకసారి చూడండి" అంటే వినేవానికి మనసు నొచ్చుకోదు. ఆ మాటతో పని జరగకపోతే ఇద్దరు పెద్దమనుషుల ముందు చెప్పాలి. దూరాన ఉన్నవారికి తేదీతో ఉత్తరమో, ఫోనులో వ్రాతపూర్వక సందేశమో పంపి జవాబును దాచుకోవాలి.

పొరుగువాడు ముస్లిం కాకపోయినా ఈ నియమాల్లో తేడా ఏమీ లేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తన ఇంట మేకను కోసినప్పుడు యూదుడైన పొరుగువానికి పంపారా లేదా అని ఇంటివారిని మరీమరీ అడిగారు. రావి, వేప వంటి చెట్లను హిందూ సోదరులు పూజ్యభావంతో చూస్తారు. వాటి వేళ్ళ వల్ల గోడకు నష్టం కలుగుతున్నప్పుడు ఊరి పెద్దలతో కలిసి మాట్లాడుకుని, మొదలు చెడకుండా ఆ వైపు వేళ్ళను మాత్రం తొలగించుకోవటం లాంటి మార్గం వెతకాలి. హక్కు ఎంత గట్టిదైనా దానిని వాడుకునే తీరులో ఔచిత్యం ఉండాలి.

తొందరపడినవాని బాధ్యత

నష్టపోయినవాడు హద్దు మీరితే తూకం తలకిందులవుతుంది. ఒక నష్టాన్ని అలాంటి మరో నష్టంతో తొలగించరాదన్నది మజల్లా 25వ నిబంధనగా నమోదైన సూత్రం. కొమ్మ తన వైపు వచ్చిందని పొరుగువాని పెరట్లోకి దూకి మొదలు నరికినవాడు, రాత్రిపూట మొదట్లో యాసిడ్ పోసి చెట్టును ఎండబెట్టినవాడు ఆ చెట్టు విలువను చెల్లించవలసి ఉంటుంది. పైగా అతని తలపై పాపభారం కూడా ఉంటుంది.

చెట్టు కొట్టేటప్పుడు జరిగే నష్టం వేరు. స్వయంగా నష్టం చేసినవాడు (ముబాషిర్) ఉద్దేశం లేకపోయినా బాధ్యుడేనని, కారకుడు మాత్రమే అయినవాడు (ముతసబ్బిబ్) హద్దు మీరినప్పుడే బాధ్యుడని ఫుఖహాల సూత్రం. జైద్ తన చెట్టును తానే కొడుతుండగా దుంగ జారి అమ్ర్ గోడ మీద పడితే, తన చెట్టునే కొట్టుకున్నానని జైద్ చెప్పుకోవటానికి లేదు. మోకు కట్టి, మనుషులను పెట్టి జాగ్రత్తగా దించే బాధ్యత కొట్టేవారిదే.

పరిహారం ఎంత?

పరిహారం జరిగిన నష్టాన్ని పూడ్చటానికే గాని లాభం కోసం కాదు. బెంగుళూరు పెంకులు ఇరవై పగిలితే అలాంటివే ఇరవై పెంకులు, వేయించే కూలి ఇవ్వటం న్యాయం. యాభై ఏళ్ళ నాటి పెంకుటిల్లు ఒక మూల దెబ్బతింటే సిమెంటు స్లాబు వేయించి ఇమ్మనటం న్యాయం కాదు. పగిలినది పాతదే గదా అని యజమాని నాలుగు రూపాయలు చేతిలో పెట్టటమూ న్యాయం కాదు. ఇల్లు కట్టే మేస్త్రీలు ఇద్దరిని పిలిచి లెక్క వేయించి ఇరువురూ ఒప్పుకోవటం ఉత్తమం.

ఈ విషయంలో దివ్యఖుర్ఆన్ అంబియా సూరాలోని 78, 79 ఆయతుల్లో ప్రస్తావించబడిన తీర్పు గొప్ప పాఠం. ఒకరి గొర్రెలు రాత్రివేళ మరొకరి చేనులో పడి మేశాయి. గొర్రెలను చేను యజమానికి ఇచ్చివేయమని హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) నిర్ణయించగా, హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) మరో మార్గం సూచించారని వ్యాఖ్యాతలు వివరించారు. గొర్రెల కాపరి చేనును తిరిగి మొదటి స్థితికి తేవాలి. అంతవరకు గొర్రెల పాలు, ఉన్ని వంటి ప్రయోజనం చేను యజమాని పొందాలి. చేను బాగయ్యాక ఎవరిది వారికి చేరాలి. ఈ తీర్పుతో నష్టం పూడింది, జీవనాధారమూ మిగిలింది.

చెట్టు తగాదాల్లోనూ ఇలాంటి సంధి (సులహ్)కి చోటుంది. చేతిలో డబ్బులేని యజమాని కప్పు బాగుచేసే పనిలో తానే చెయ్యి వేయవచ్చు. కొట్టిన చెట్టు కలపను ఇరువురి సమ్మతితో వెల కట్టి ఇవ్వవచ్చు. దింపి లెక్కపెట్టిన కొబ్బరికాయలు ఇవ్వవచ్చు. కాని వచ్చే ఏడాది ఎన్ని కాయలు కాస్తాయో తెలియకుండా ఆ కాపును పరిహారంగా రాయించుకోవటంలో అనిశ్చితి (గరర్) ఉంది గనుక దానిని మానుకోవాలి.

దేశ చట్టం

భారతదేశంలో 1937 నాటి షరీఅత్ వర్తింపు చట్టం వివాహం, వారసత్వం, మహర్, హిబా, వక్ఫ్ వంటి విషయాలకే పరిమితం. పొరుగువాని చెట్టు వల్ల కలిగే నష్టం అందులోకి రాదు. ఇది అందరికీ వర్తించే సాధారణ సివిల్ న్యాయం పరిధిలోనిది. చెట్టు కూలి చుట్టుపక్కలవారికి గాని దారినపోయేవారికి గాని గాయాలు కలిగించే స్థితిలో ఉంటే, దానిని తొలగించమని లేక ఆధారం కట్టమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు ఉంది. వెనుకటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షనులో ఉన్న ఈ ఏర్పాటు 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా కొనసాగుతున్నది. చెట్టును మొదలంటా కొట్టేటప్పుడు 2002 నాటి వాల్టా చట్టం విధించిన అనుమతి నియమాలు కూడా చూసుకోవాలి. తన చెట్టు గదా అని అధికారులను అడగకుండా కొట్టినవాడు చిక్కుల్లో పడగలడు.

ఇంగ్లండులో లెమన్, వెబ్ అనే ఇద్దరి వ్యాజ్యంలో 1894లో ప్రభువుల సభ ఇచ్చిన తీర్పు పేరుపొందినది. హద్దు దాటిన కొమ్మలను పొరుగువాడు తన స్థలంలో నిలబడే కత్తిరించుకోవచ్చునని అది నిర్ణయించింది. ఫుఖహాలు ఎప్పుడో చెప్పినదానికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించవచ్చు. షరీఅత్ మాత్రం మొదట చెప్పటం, వంచటం, ఆ తరువాతే కత్తిరించటం అనే మర్యాదను నేర్పింది.

కోర్టులో ఇరవై పెంకుల కోసం వ్యాజ్యం వేస్తే పెంకుల వెలకన్నా ఖర్చే ఎక్కువవుతుంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం క్రింద నడిచే లోక్ అదాలత్‌లో ఇరువురూ రాజీపడవచ్చు. అంతకన్నా ముందే మొహల్లా పెద్దల సమక్షంలో సంధి కుదిరితే మరీ మంచిది. సంధిలో మేలున్నదని ఖుర్ఆన్ బోధించింది.

చేయవలసినది

చెట్టు గల ప్రతివారూ వానలకు ముందు ఒకసారి మొదలు తట్టి చూసుకోవాలి. ఎండు మట్టలు, ఎండు కొమ్మలు తీయించాలి. గోడకు ఆనుకుని మర్రి, రావి మొలిస్తే మొక్కగా ఉన్నప్పుడే పీకివేయాలి. పొరుగువాడు వచ్చి చెప్పినప్పుడు దానిని ఫిర్యాదుగా భావించక, తనను రేపటి బాధ్యత నుండి కాపాడే హితవుగా స్వీకరించాలి.

ప్రమాదాన్ని చూస్తున్న పొరుగువాడు మొహమాటంతో మౌనంగా ఉండి, కప్పు కూలిన తరువాత కేకలు వేయటం సబ్ర్ కాదు. సబ్ర్ అంటే నోరు మూసుకోవటం కాదు. సకాలంలో, సరైన మనిషికి, సరైన రీతిలో చెప్పి, అతడు చేసేదాకా హద్దు మీరకుండా ఉండటం. చెప్పవలసిన మాట చెప్పకపోవటం వల్ల ఒక పేదవాని కప్పు పోతుంది. చెప్పిన మాట వినకపోవటం వల్ల మరొకరి నెత్తిన అప్పు పడుతుంది. వీటికన్నా పెద్ద నష్టం ఆ రెండు ఇళ్ళ పిల్లలు ఒకరి గడప ఒకరు తొక్కకుండా పెరగటం. దానికి పరిహారం లెక్కగట్టటం ఏ ఖాజీకీ సాధ్యం కాదు.